రెండు నగరాల మధ్య దూరం ఒకటే, ప్రయాణ కాలం మాత్రం ఒకటి కాదు

సభకు నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం వినడానికి చాలా చిన్నది. రెండు నగరాల మధ్య విమాన మార్గంలో దూరమెంత, ప్రయాణానికి ఎంతసేపు పడుతుంది అన్నదే ఆ అంశం. ఇందులో గంటసేపు మాట్లాడడానికి ఏముంది, ఫోన్ తీసి రెండు ఊళ్ల పేర్లు కొడితే రెండు అంకెలు వచ్చేస్తాయి కదా అని మీలో కొందరికైనా అనిపించి ఉంటుంది. వస్తాయి, కాదనను. అయితే విమానాలకు దారి గీసి, ఇంధనం లెక్కకట్టి, ఆ కాగితాన్ని పైలట్ల చేతికి అందించే డిస్పాచ్ గదిలో చాలా ఏళ్లు పనిచేసినవాడిగా నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ రెండు అంకెలూ తెరమీద పక్కపక్కనే కనిపించినా ఒకే జాతివి కావు. మొదటిది రేఖాగణితం, ఎవరు ఎప్పుడు లెక్కవేసినా అంతే వస్తుంది. రెండోది ఆ పూట గాలి ఎటు వీస్తోంది, ఏ దేశం తన ఆకాశంలోకి రానిస్తోంది, రన్‌వే ముందు ఎన్ని విమానాలు బారులు తీరి ఉన్నాయి అన్నవాటి మీద నిలబడే అంచనా. చాలా చోట్ల మొదటి అంకెను ఒక సగటు వేగంతో భాగించి, ఒక అరగంట కలిపి, రెండో అంకెను పుట్టిస్తారు. ఆ భాగహారంలో ఏమేమి కనబడకుండా పోతాయో ఈరోజు చూద్దాం.

ఉదాహరణకు మాడ్రిడ్, న్యూయార్క్ నగరాలను తీసుకుంటాను. వీటినే ఎంచుకోవడానికి కారణం ఉంది. మాడ్రిడ్ 40.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటే న్యూయార్క్ 40.7 డిగ్రీల మీద ఉంది. అంటే ఇంచుమించు ఒకే అడ్డగీత మీద ఉన్నాయి. గోడకు వేలాడే పటంలో చూస్తే మాడ్రిడ్ నుంచి తిన్నగా పడమరకు గీత గీస్తే న్యూయార్క్ తగులుతుంది. అదే దగ్గరి దారి అని ఎవరైనా అనుకుంటారు.

ఇప్పుడు ఈ బల్లమీద ఉన్న గోళాన్ని చూడండి. దీని అడ్డకొలత 30 సెంటీమీటర్లు, చుట్టుకొలత దాదాపు 94 సెంటీమీటర్లు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు కాబట్టి ఈ గోళం మీద ఒక సెంటీమీటరు అంటే సుమారు 425 కిలోమీటర్లు. ఈ దారాన్ని మాడ్రిడ్ మీద బొటనవేలితో నొక్కిపట్టి, ముందుగా 40 డిగ్రీల అక్షాంశ రేఖ వెంబడే జరుపుతూ న్యూయార్క్ దాకా తీసుకువెళ్తాను. పద్నాలుగు సెంటీమీటర్లు వచ్చింది. ఇప్పుడు రెండు కొసలనూ అలాగే పట్టుకుని దారాన్ని బిగించి లాగుతున్నాను. చూశారా, దారం తనంతట తానే ఉత్తరానికి జారి, పైకి వంగింది, చేతిలో కాస్త దారం మిగిలింది కూడా. ఇప్పుడు పదమూడున్నర సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే ఉంది. ఆ జారిన దారమే మహావృత్తం, అంటే భూమి కేంద్రం గుండా కోసినట్టుగా వచ్చే వృత్తంలో ఒక ముక్క. గోళం మీద రెండు బిందువుల మధ్య ఇంతకంటే దగ్గరి దారి లేదు. లెక్కలో చూస్తే అక్షాంశ రేఖ వెంబడి 5,940 కిలోమీటర్లు, మహావృత్తం మీద 5,770 కిలోమీటర్లు. న్యూయార్క్ వెళ్లే విమానం మాడ్రిడ్‌లో తిన్నగా పడమటి ముఖం పెట్టదు. పడమరకు పాతిక డిగ్రీలు ఉత్తరంగా తిరిగి బయలుదేరుతుంది, నడిదారిలో 46వ అక్షాంశం దాటుతుంది, చివరికి నైరుతి వైపు దిగుతూ గమ్యం చేరుతుంది. ముందు సీటు వెనుక ఉన్న తెరమీద ఈ వంపు చూసి పైలట్ చుట్టూ తిప్పి తీసుకువెళ్తున్నాడని అనుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తుంటారు. వంపు తిరిగింది విమానం కాదు, పటం. పటాల నిపుణుడు గెరార్డస్ మెర్కేటర్ 1569లో తెచ్చిన ఈ పటం గీసే పద్ధతి నావికుల కోసం ఉద్దేశించినది. దిక్సూచి ముల్లును ఒకే కోణంలో ఉంచి సాగిపోయే ఓడ దారి ఆ పటంలో సరళరేఖగా కనబడుతుంది. ఆ సౌకర్యం కోసం దూరాలను బలిపెట్టారు. నావికుడికి అది మంచి బేరమే.

దూరాన్ని లెక్కించడానికి కావలసిందల్లా రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు, కాస్త త్రికోణమితి. వాటితో భూకేంద్రం దగ్గర ఏర్పడే కోణం తెలుస్తుంది. ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్లు చొప్పున గుణిస్తే దూరం వస్తుంది. మన ఉదాహరణలో ఆ కోణం 52 డిగ్రీలకు కొద్దిగా తక్కువ. డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నాటికల్ మైలు. అది 1,852 మీటర్లు. విమానయానం ఈనాటికీ నాటికల్ మైళ్లలోనే నడుస్తున్నదంటే కారణం అలవాటొక్కటే కాదు, ఆ కొలత భూమి కొలతలోంచే పుట్టింది. భూమి అచ్చమైన గోళం కాదు, ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది అని అభ్యంతరం చెప్పవచ్చు. అది నిజమే కానీ ఆ తేడా అర శాతానికి మించదు. విమానం పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది కనుక దారి పొడవు పెరగదా అని కూడా అడుగుతారు. పెరుగుతుంది, ఈ మొత్తం ప్రయాణంలో పది కిలోమీటర్లు. వీటికన్నా పెద్ద తేడా ఇంకోచోట ఉంది. నగరం అంటే నడిబొడ్డా, విమానాశ్రయమా అన్నది ముందుగా తేల్చుకోవాలి. టోక్యో నడిబొడ్డుకీ నరిటా విమానాశ్రయానికీ మధ్య దాదాపు 60 కిలోమీటర్లు ఉంది. దూరం గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు.

అసలు చిక్కు విమానం ఆ దారంమీద నడవకపోవడంతో మొదలవుతుంది. అట్లాంటిక్ మహాసముద్రం మీద రాడార్లు అందని రోజుల్లో విమానాలను వరుసల్లో పెట్టడానికి సమాంతర మార్గాల ఏర్పాటు వచ్చింది. ఆ మార్గాలను ఒకసారి గీసి వదిలేయరు. గాలిని బట్టి రోజూ కొత్తగా గీస్తారు. పడమరకు వెళ్లే మార్గాలను బ్రిటన్, ఐర్లండ్ వైపున షాన్‌విక్ కేంద్రం, తూర్పుకు వెళ్లేవాటిని కెనడా వైపున గ్యాండర్ కేంద్రం నిర్ణయిస్తూ వచ్చాయి. రెండు ఇంజిన్ల విమానాలకు మరో నిబంధన ఉంది. ఒక ఇంజిన్ ఆగిపోతే మిగిలిన దానితో నిర్ణీత సమయంలో ఏదో ఒక విమానాశ్రయానికి చేరగలిగే పరిధిలోనే అవి ఎగరాలి. 1953 నాటి అమెరికా నియమం ప్రకారం ఆ సమయం 60 నిమిషాలు. 1985లో 120 నిమిషాలకు పెరిగింది, తరువాత మూడు గంటలు, ఇప్పుడు కొన్ని రకాల విమానాలకు ఆరు గంటలు కూడా దాటింది. ఆ అంకె పెరిగిన కొద్దీ సముద్రాల మీద దారి బిగించిన దారానికి దగ్గరగా జరుగుతూ వచ్చింది. మామూలు ఆకాశంలో అయితే దూరానికి రెండు మూడు శాతం అదనంగా వేసుకుంటే చాలావరకు సరిపోతుంది.

దేశాలు ఆకాశాన్ని మూసేసినప్పుడు మాత్రం ఆ రెండు మూడు శాతం ఎందుకూ చాలదు. హెల్సింకీ, టోక్యో నగరాల మధ్య మహావృత్త దూరం 7,800 కిలోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. రష్యా మీదుగా ఎగిరినన్నాళ్లూ ఆ ప్రయాణం తొమ్మిదిన్నర గంటల్లో అయ్యేది. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలై ఆ ఆకాశం ఐరోపా విమానాలకు మూతపడ్డాక అదే ప్రయాణం పదమూడు గంటల దాకా వెళ్లింది. కొన్ని విమానాలు ఏకంగా ఉత్తర ధ్రువం మీదుగా చుట్టి రావలసి వచ్చింది. ఇది కొత్త కథ కూడా కాదు. సోవియట్ ఆకాశం మూసి ఉన్న కాలంలో, 1957లోనే కోపెన్‌హేగన్ నుంచి టోక్యోకు అలాస్కాలోని యాంకరేజ్‌లో దిగి ఇంధనం నింపుకుంటూ ధ్రువ మార్గాన విమానాలు నడిచాయి. నగరాలు కదలలేదు, వాటి మధ్య దూరమూ మారలేదు. దూరాల పట్టికలో నేటికీ ఆ 7,800 కిలోమీటర్లే ఉంటుంది.

ఇక వేగం సంగతి. విమాన వేగం ఎంత అని అడిగితే పైలట్ కిలోమీటర్లలో చెప్పడు, మాక్ సంఖ్యలో చెబుతాడు. అంటే ధ్వని వేగంలో ఎన్నో వంతు అని. నేలమీద పదిహేను డిగ్రీల వేడిమిలో ధ్వని గంటకు 1,225 కిలోమీటర్లు పోతుంది. పదకొండు కిలోమీటర్ల ఎత్తున, మైనస్ 56 డిగ్రీల చలిలో 1,062 కిలోమీటర్లు మాత్రమే పోతుంది. దూరప్రయాణాల పెద్ద విమానాలు 0.85 మాక్ దగ్గర ఎగురుతాయి కనుక వాటి వేగం గంటకు దాదాపు 900 కిలోమీటర్లు. చిన్న దూరాలవి 0.78 దగ్గర, అంటే సుమారు 830 కిలోమీటర్లు. 1958లో ప్రయాణికుల జెట్‌లు అట్లాంటిక్ దాటడం మొదలైనప్పటి నుంచి ఈ అంకె దాదాపు ఇక్కడే ఆగింది. అట్లాంటిక్ మీద ధ్వనిని మించి ఎగిరే కాన్‌కార్డ్ ఒక్కటే ఈ గీత దాటింది. 1996 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి లండన్‌కు 2 గంటల 53 నిమిషాల్లోపే వచ్చింది. 2003లో దాన్ని విరమించాక మళ్లీ పాత వేగమే మిగిలింది.

కానీ ఈ 900 కిలోమీటర్లు గాలితో పోల్చి చెప్పిన వేగం. గాలి తానే కదులుతున్నప్పుడు నేలతో పోల్చిన వేగం వేరు. ఏరు దాటే పడవ ఎంత జోరుగా తెడ్డు వేసినా ప్రవాహం తన వాటా తాను తీసుకుంటుంది, ఇదీ అంతే. డిస్పాచ్ గదిలో మేము మొట్టమొదట చూసేది పై ఎత్తుల్లో గాలులను చూపే ఆకాశ పటం. దానినిండా చేప ముల్లులాంటి గుర్తులు ఉంటాయి. పొడుగు గీత ఒకటి ఉంటే పది నాట్ల గాలి (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు), సగం గీత అయితే ఐదు, నిండు త్రికోణం అయితే యాభై. ఒకే ముల్లుకు మూడు త్రికోణాలు కనబడ్డాయంటే అక్కడ 150 నాట్లు, అంటే గంటకు 278 కిలోమీటర్ల గాలి వీస్తోందన్నమాట. అటువంటి ముళ్లు వరుసగా పడమటి నుంచి తూర్పుకు నది మాదిరి మెలికలు తిరుగుతూ కనబడితే అదే జెట్ స్ట్రీమ్. దీన్ని ముందుగా పసిగట్టినవారిలో జపాన్ వాతావరణ శాస్త్రజ్ఞుడు వసబురో ఓయిషీ ఒకరు. 1920లలో బెలూన్లు ఎగరవేసి ఆ గాలుల వేగం కొలిచాడు. లోకమంతా చదవాలన్న ఉద్దేశంతో ఫలితాలను అందరికీ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన ఎస్పెరాంటో భాషలో ప్రచురించాడు, లోకం చదవనేలేదు. 1944లో జపాన్ మీదికి వెళ్లిన అమెరికా బీ-29 బాంబర్లు ఎదురుగాలికి దాదాపు నిలబడిపోయినప్పుడు గానీ దాని సంగతి చాలామందికి తెలియలేదు.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని సరిదిద్దాలి. పోయేటప్పుడు ఎదురుగాలి ఉంటే వచ్చేటప్పుడు తోడుగాలి ఉంటుంది కదా, చెల్లుకు చెల్లు అంటారు. చెల్లు కాదు. 3,600 కిలోమీటర్ల దూరాన్ని గాలి లేకుండా గంటకు 900 చొప్పున పోయి వస్తే ఎనిమిది గంటలు. గంటకు 150 కిలోమీటర్ల గాలి ఉంటే పోవడం 750 వేగంతో 4 గంటల 48 నిమిషాలు, రావడం 1,050 వేగంతో 3 గంటల 26 నిమిషాలు, మొత్తం 8 గంటల 14 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, తోడుగాలిలో తక్కువసేపు ఉంటాం. అందువల్ల నష్టం ఎప్పుడూ లాభాన్ని మించుతుంది. 2020 ఫిబ్రవరిలో కియారా తుఫాను సమయంలో న్యూయార్క్ నుంచి లండన్‌కు ఒక బోయింగ్ 747 విమానం 4 గంటల 56 నిమిషాల్లో చేరింది, ఒక దశలో నేలతో పోల్చిన వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. పత్రికలు కొన్ని దాన్ని ధ్వనిని మించిన వేగం అని రాశాయి. కాదు. తన చుట్టూ ఉన్న గాలిలో అది ఎప్పటి మాదిరే 0.85 ప్రాంతంలోనే ఎగిరింది, గాలే దాన్ని మోసుకుపోయింది. అదే గాలికి ఎదురు వచ్చినవాళ్ల కథ పత్రికల్లో రాదు. చలికాలంలో పడమరకు వెళ్లే చిన్న విమానాలు అంచనాకు మించిన ఎదురుగాలి తగిలి, అనుకోకుండా కెనడాలోని గ్యాండర్‌లోనో గూస్‌బేలోనో దిగి ఇంధనం నింపుకున్న సందర్భాలు ఉన్నాయి. అటువంటి కబురు వచ్చిన రాత్రి మా గదిలో ఎవ్వరూ ఎవ్వరి ముఖమూ చూసేవారు కాదు, ఎందుకంటే ఆ లెక్క రాసిన కాగితం మీద మాలో ఒకరి సంతకం ఉండేది.

మరో సంగతి, విమానం ఎగిరినంతసేపూ 900లో ఉండదు. పదివేల అడుగుల లోపు చాలా దేశాల్లో 250 నాట్లకు, అంటే గంటకు 463 కిలోమీటర్లకు మించకూడదు. దిగేటప్పుడు ప్రతి వెయ్యి అడుగులకూ మూడు నాటికల్ మైళ్ల చొప్పున ముందుగానే దిగడం మొదలుపెట్టాలన్నది పైలట్ల నోటిలెక్క. 36,000 అడుగుల నుంచి అయితే 108 మైళ్లు, అంటే 200 కిలోమీటర్ల ముందే. ఎక్కడానికీ ఇంచుమించు అంతే పడుతుంది. కనుక 500 కిలోమీటర్ల ప్రయాణంలో నిండు వేగంతో సాగేది వంద కిలోమీటర్లు కూడా ఉండకపోవచ్చు. భాగహారం ముప్పై అయిదు నిమిషాలని చెబుతుంది, కాలపట్టిక గంటా పావు అంటుంది. దూరం తగ్గేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. స్కాట్లండ్ ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు దీవుల మధ్య దూరం 2.7 కిలోమీటర్లు, ప్రపంచంలో అతి చిన్న విమాన సర్వీసు అదే. పట్టికలో రెండు నిమిషాలు రాస్తారు, గాలి అనుకూలించిన ఒకరోజు 53 సెకన్లలో పూర్తయింది. రెండో కొసన సింగపూర్ నుంచి న్యూయార్క్ దాకా 15,300 కిలోమీటర్ల పైచిలుకు ఆగకుండా ఎగిరే విమానం ఉంది. దానికి పద్దెనిమిది గంటలకు పైగా పడుతుంది. అంత పొడవైన ప్రయాణంలో ఎక్కడం దిగడం లెక్కలోకే రావు.

కాలపట్టికలో కనిపించే సమయాన్ని మా భాషలో బ్లాక్ టైమ్ అంటారు. విమానం నిలిపి ఉంచినప్పుడు చక్రాలు కదలకుండా ముందూ వెనుకా అడ్డం పెట్టే దిమ్మలను తీసిన క్షణం నుంచి గమ్యంలో మళ్లీ పెట్టిన క్షణం దాకా లెక్క. అంటే నేలమీద దొర్లే సమయం, వరుసలో నిలబడే సమయం, దిగే ముందు ఆకాశంలో చక్కర్లు కొట్టే సమయం అన్నీ ఇందులోనే. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2003లో తెరిచిన పోల్డర్‌బాన్ రన్‌వే మీద దిగితే టెర్మినల్ చేరడానికే పావుగంట దొర్లాలి. వీటికితోడు సంస్థలు ఆలస్యాలను ముందే ఊహించి కొన్ని నిమిషాలు అదనంగా కలుపుకుంటాయి. విమానం ఇరవై నిమిషాలు ముందే దిగిందని పైలట్ ప్రకటిస్తే ప్రయాణికులు చప్పట్లు కొడతారు. ఆ ఇరవై నిమిషాలు పట్టికలో పెట్టినవాళ్లకు మాత్రం అందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

సభ మొదలవకముందే ఒక విద్యార్థి నన్ను గుమ్మం దగ్గర ఆపి మంచి ప్రశ్న వేశాడు. భూమి పడమటి నుంచి తూర్పుకు భూమధ్యరేఖ దగ్గర గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది కదా, పడమరకు వెళ్లే విమానానికి గమ్యమే ఎదురు రావాలి కదా, మరి ఎక్కువసేపు ఎందుకు పడుతుంది అని. గాలి కూడా భూమితోపాటే తిరుగుతోంది, నేలమీద నిలబడ్డ విమానమూ తిరుగుతోంది. పైకి లేచినంత మాత్రాన ఆ వేగం దాన్ని విడిచిపోదు. నడిచే రైలుపెట్టెలో ఎగిరే ఈగ వెనక గోడకు కొట్టుకోదు కదా. తేడా తెచ్చేది భూభ్రమణం కాదు, ఇందాక చెప్పుకున్న గాలి. అయితే ఆ గాలి తూర్పుకు మళ్లడం వెనుక భూభ్రమణం చేయి ఉన్నమాట నిజం.

ఇప్పుడు మాడ్రిడ్, న్యూయార్క్ లెక్క పూర్తిచేద్దాం. దారం మీద 5,770 కిలోమీటర్లు. మార్గపు వంకరలు కలిపి 5,900 అనుకుందాం. పెద్ద విమానం, వేగం 900. దారి పొడవునా సగటు ఎదురుగాలి 80. కాబట్టి 820తో భాగిస్తే 7 గంటల 12 నిమిషాలు. ఎక్కడం దిగడంలో పోయే వేగానికి పావుగంట, నేలమీద దొర్లడానికి రెండు వైపులా కలిపి అరగంట. మొత్తం ఎనిమిది గంటలకు మూడు నిమిషాలు తక్కువ. తిరుగు ప్రయాణంలో అదే గాలి తోడు వస్తే వేగం 980, కలిపేవన్నీ కలిపితే 6 గంటల 46 నిమిషాలు. ఒకే దూరం, ఒకే విమానం, గంటా పదకొండు నిమిషాల తేడా. చలికాలంలో గాలి బలపడితే ఇది ఇంకా పెరుగుతుంది.

గడియారం చెప్పేది మళ్లీ వేరు. మా కాగితాల మీద సమయాలన్నీ ప్రపంచ సమయంలోనే ఉంటాయి. దాన్ని జులూ టైమ్ అంటాం, అందులో గందరగోళం ఉండదు. టికెట్టు మీద మాత్రం ఏ ఊరి సమయం ఆ ఊరిదే. మాడ్రిడ్ గడియారం న్యూయార్క్ కన్నా ఆరు గంటలు ముందుంటుంది. మధ్యాహ్నం పన్నెండుకు మాడ్రిడ్‌లో బయలుదేరి ఎనిమిది గంటలు ఎగిరినవాడు న్యూయార్క్‌లో మధ్యాహ్నం రెండుకు దిగుతాడు, టికెట్టులో రెండు గంటల ప్రయాణంలా కనబడుతుంది. రాత్రి ఏడుకు న్యూయార్క్‌లో ఎక్కినవాడు మర్నాడు ఉదయం 7 గంటల 45 నిమిషాలకు మాడ్రిడ్‌లో దిగుతాడు. గడియారం లెక్కన పన్నెండు గంటల ముప్పావు. పసిఫిక్ మీద తేదీ మారే దినరేఖ దాటితే మరీ విడ్డూరం. టోక్యోలో సాయంత్రం అయిదుకు ఎక్కి పది గంటలు ఎగిరినవాడు చలికాలంలో లాస్ ఏంజిలిస్‌లో అదే తేదీ ఉదయం పదికి దిగుతాడు, ఎక్కకముందే దిగినట్టు.

ఆరు గంటలు అన్నాను కానీ అది కూడా ఏడాది పొడవునా నిజం కాదు. అమెరికా మార్చి రెండో ఆదివారం గడియారాన్ని ముందుకు జరుపుతుంది, ఐరోపా మార్చి చివరి ఆదివారం దాకా ఆగుతుంది. శరదృతువులో ఐరోపా అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి జరుపుతుంది, అమెరికా నవంబరు మొదటి ఆదివారం. ఆ మధ్య వారాల్లో రెండు నగరాలకూ తేడా అయిదు గంటలే. మాడ్రిడ్‌లో మధ్యాహ్నం పన్నెండుకే లేచి, ఎనిమిది గంటలే ఎగిరిన విమానం అప్పుడు న్యూయార్క్‌లో రెండుకు కాక మూడుకు దిగుతుంది. తీసుకువెళ్లడానికి వచ్చిన బంధువులు విమానం గంట ఆలస్యమైందని అనుకుంటూ నిలబడతారు.